పరదేశికి హక్కులున్నవా?

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు నుండి ఫిలింనగర్ మీదుగా షేక్‌పేట వైపు వచ్చే దారి మన విద్యార్థులకు చిరపరిచితమైనది. సినిమా ప్రకటనల నడుమ అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలలో ప్రవేశం ఇప్పిస్తామని చెప్పే కన్సల్టెన్సీల బోర్డులు ఆ దారిలో కనిపిస్తాయి. కొండ దిగి షేక్‌పేట చేరితే కుతుబ్‌షాహీల కాలంనాటి సరాయి కనిపిస్తుంది. గోలకొండకు దూరదేశాల నుండి వచ్చే వర్తకులకు, యాత్రికులకు విడిదిగా కట్టిన రెండంతస్తుల కట్టడమది. బోర్డులు మన బిడ్డలను పరదేశానికి పిలుస్తున్నవి. సరాయి, ఒకనాడు పరదేశులు మన గడపకు వచ్చేవారని గుర్తుచేస్తున్నది.

గత విద్యాసంవత్సరంలో, తెలుగులో కలిసిపోయిన అరబీ, పారసీ పదాలను గురించి పాఠం చెబుతూ నల్లబల్లపై కొన్ని మాటలు వ్రాశాము. హక్కు, వకీలు, జామీను, దరఖాస్తు, ఖైదు. ఈ మాటలు మన పల్లెటూరి రైతు నోట కూడా పలుకుతున్నవనీ, అవి పరభాషా పదాలని ఎవరికీ స్ఫురణకు రాదనీ వివరిస్తున్నాము. అంతలో ఒక విద్యార్థిని లేచి, "సార్, మాట పరదేశం నుండి వచ్చినా మనదైపోయినది. మరి మనిషి పరదేశానికి వెళితే అతనికి హక్కు ఉంటుందా? మా అన్నయ్య అమెరికాలో చదువుతున్నాడు. అక్కడి అధికారులు పట్టుకుంటే ఏమని చెప్పుకోవాలి? అతను వారి పౌరుడు కాడు గదా!" అని అడిగినది. గంట మ్రోగినది గాని సమాధానం పూర్తి కాలేదు. ఈ వ్యాసం ఆ సమాధానానికి కొనసాగింపు.

అధికారం వేరు, పద్ధతి వేరు

ముందుగా ఒక విషయం అంగీకరించాలి. తన సరిహద్దులలోనికి ఎవరిని రానివ్వాలి, ఎవరిని తిరిగి పంపాలి అని నిర్ణయించుకొనే అధికారం ప్రతి దేశానికీ ఉన్నది. విదేశీయులను పంపివేసే అధికారం ప్రభుత్వానికి సంపూర్ణంగా ఉన్నదని మన సుప్రీంకోర్టు 1955లోనే హాన్స్ ముల్లర్ కేసులో చెప్పినది.

అయితే ఆ అధికారాన్ని ఏ పద్ధతిలో వినియోగించాలి అన్నది వేరొక ప్రశ్న. మనిషిని పట్టుకొన్నప్పుడు కారణం చెప్పారా? వకీలును కలవనిచ్చారా? అతని మాట వినడానికి ఒక న్యాయాధికారి ఉన్నాడా? నిర్బంధానికి గడువు ఉన్నదా, లేక తాళం వేసి మరచిపోయారా? వలసదారుల విషయంలో పౌరస్వేచ్ఛా సంఘాలు చేసే వాదం ప్రధానంగా ఈ రెండవ ప్రశ్నను గురించే. "అందరినీ ఉండనివ్వండి" అని వారు వాదిస్తున్నారని పెక్కుమంది అపోహపడతారు. "ఎవరినైనా సరే, విని పంపండి" అన్నది వారి వాదంలోని మూలసూత్రం.

ఈ సూత్రం కొత్తది కాదు. ఇస్లాం తొలినాళ్లలో, సుమారు 615వ సంవత్సరంలో, మక్కాలో వేధింపులకు గురైన కొందరు ముస్లింలు సముద్రం దాటి అబిసీనియాకు వెళ్లారు. వారిని తమకు అప్పగించవలసినదిగా ఖురైషులు కానుకలతో దూతలను పంపారు. అబిసీనియా రాజు నజాషీ క్రైస్తవుడు. వచ్చినవారు అతని మతస్థులు కారు, అతని ప్రజలు కారు. అయినా ఆరోపణకు గురైన వారి మాట వినకుండా అప్పగించడానికి ఆయన ఒప్పుకోలేదు. వారిని సభకు పిలిపించాడు. వారి పక్షాన జాఫర్ బిన్ అబీతాలిబ్ మాట్లాడాడు. ఇరుపక్షాలు విన్న తరువాతనే రాజు నిర్ణయం చెప్పి, కానుకలు తిప్పి పంపాడని చరిత్రకారులు వ్రాశారు. నేటి న్యాయశాస్త్రం సహజన్యాయం అని పిలుచుకొనే సూత్రం ఆ సభలో అమలు జరిగినది.

"పౌరుడు" అను మాట, "వ్యక్తి" అను మాట

మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల భాగాన్ని శ్రద్ధగా చదివిన వారికి రెండు మాటలు వేరువేరుగా కనిపిస్తాయి. భావప్రకటన, సంచారం, నివాసం, వృత్తి మొదలైన స్వేచ్ఛలనిచ్చే 19వ అధికరణం "పౌరుల"ను గురించి చెబుతుంది. చట్టం ముందు సమానత్వాన్నిచ్చే 14వ అధికరణం, ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణనిచ్చే 21వ అధికరణం మాత్రం "వ్యక్తి"ని గురించి చెబుతాయి. ఈ తేడా కావాలని చేసినదే. ఓటు పౌరునిది, ప్రాణం మనిషిది.

అమెరికా రాజ్యాంగానికి 1868లో చేసిన 14వ సవరణలోనూ "వ్యక్తి" అనే మాటనే వాడారు. దాని అర్థం 1886లో ఒక చాకిరేవు కేసులో తేలినది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొయ్య ఇళ్లలో బట్టలుతికే దుకాణం నడపాలంటే నగరపాలకుల అనుమతి కావాలని ఒక నిబంధన ఉండేది. చీనావారు పెట్టుకొన్న దరఖాస్తులు సుమారు రెండువందలు తిరస్కరించబడ్డవి. ఇతరులవి దాదాపు అన్నీ మంజూరైనవి. యిక్ వో అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, చట్టం అక్షరాలా అందరికీ ఒకటే అయినా దానిని చెడుదృష్టితో అమలు జరిపితే అది అసమానత్వమేననీ, ఆ రక్షణ పౌరులు కానివారికీ వర్తిస్తుందనీ చెప్పినది. పదేండ్లకు, 1896లో, వాంగ్ వింగ్ కేసులో మరొక మెట్టు ఎక్కినది. దేశంలో ఉండరాని వానిని పంపివేయవచ్చునుగాని, విచారణ లేకుండా కఠినశిక్ష వేసే అధికారం అధికారులకు లేదన్నది ఆ తీర్పు సారాంశం.

కావున ఆ విద్యార్థిని ప్రశ్నకు మొదటి సమాధానం ఇది: పరదేశికి అన్ని హక్కులూ లేవు. కాని మనిషిగా ఉండవలసిన హక్కులు అతనికి ఎక్కడైనా ఉన్నవి. అయితే హక్కు కాగితంపై ఉండటం వేరు, ఆపదలో చేతికి అందడం వేరు. ఆ దూరం ఎంతటిదో మన తెలుగు విద్యార్థులే రెండు పర్యాయాలు అనుభవపూర్వకంగా తెలుసుకొన్నారు.

ట్రైవ్యాలీ నుండి ఫార్మింగ్టన్ వరకు

కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ పట్టణంలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అనే సంస్థ ఉండేది. 2011 జనవరిలో వలస అధికారులు దానిపై దాడిచేసినప్పుడు అందులో సుమారు 1,500 మంది విద్యార్థులున్నట్లు తేలినది. వారిలో అత్యధికులు భారతీయులు, అందునా నాటి ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన తెలుగువారు. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే అపార్టుమెంటు చిరునామాలో నివసిస్తున్నట్లు రికార్డులలో చూపబడ్డారు! రుసుము తీసుకొని వీసా పత్రాలు అమ్ముకొనే వ్యాపారమది. దాని అధిపతికి 2014లో పదహారు సంవత్సరాలకు పైబడిన కారాగారశిక్ష పడినది.

ఇంతవరకు న్యాయం జరిగినది. కాని విద్యార్థుల సంగతి ఏమిటి? వారిలో కొందరికి తెలిసే చేరి ఉండవచ్చు. మరికొందరు ప్రభుత్వ జాబితాలో పేరున్న విశ్వవిద్యాలయమని నమ్మి అప్పుచేసి చేరినవారు. ఈ తేడాను విచారించక ముందే కొందరి కాళ్లకు, వారి కదలికలను కనిపెట్టే రేడియో పరికరాలు తగిలించారు. ఆ ఛాయాచిత్రాలు చూచి మన ఊళ్లలో తల్లిదండ్రులు తల్లడిల్లారు. భారత ప్రభుత్వం అది అనుచితమని నిరసన తెలియజేసినది. న్యాయవాదులు, తెలుగు సంఘాలు పూనుకొన్నందువలన కొందరికి ఇతర విశ్వవిద్యాలయాలకు మారే అవకాశం దొరికినది. మరికొందరు తిరిగి వచ్చారు.

రెండవ ఉదంతం మరింత విచిత్రమైనది. మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అనే సంస్థ పుట్టినది. దానికి వెబ్‌సైటు ఉన్నది, చిహ్నం ఉన్నది, కార్యాలయం ఉన్నది. లేనివి రెండే: అధ్యాపకులు, తరగతులు. దానిని నడిపినది ఏ మోసగాడో కాదు, అమెరికా వలస అధికారులే. వీసా మోసాలను పట్టుకోవడానికి వారు పన్నిన వల అది. సంవత్సరానికి పదకొండు, పన్నెండు వేల డాలర్ల చొప్పున రుసుము వసూలు చేశారు. 2019 జనవరి నెలాఖరున వల లాగారు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారులపై నేరారోపణ జరిగినది. తరువాత వారు నేరం ఒప్పుకొని శిక్షలు అనుభవించారు. నిర్బంధంలోనికి తీసుకొన్న విద్యార్థులలో 129 మంది భారతీయులు, అత్యధికులు తెలుగువారు. ఆ సంవత్సరాంతానికి నిర్బంధితుల సంఖ్య సుమారు 250కి చేరినది.

భారత రాయబార కార్యాలయం ఇరవైనాలుగు గంటల టెలిఫోను సహాయకేంద్రం తెరచినది. దళారులను, మోసపోయిన విద్యార్థులను ఒకే గాటన కట్టవద్దని మన ప్రభుత్వం అమెరికా ప్రభుత్వానికి లిఖితపూర్వకంగా తెలిపినది. ఆటా, తానా వంటి తెలుగు సంఘాలు న్యాయవాదులను సమకూర్చడానికి పూనుకొన్నవి. అయినా నిర్బంధితులలో ఎక్కువమంది "స్వచ్ఛంద నిష్క్రమణ" అనే మార్గం ఎంచుకొని తిరిగివచ్చారు. జైలుగదిలో కూర్చొని, అప్పు తలచుకొని, ఇంటి వద్ద తల్లి ఏడ్పు ఫోనులో వింటూ చేసే సంతకం ఎంత స్వచ్ఛందమో పాఠకులే ఊహించుకోవచ్చు.

విద్యార్థులలో తప్పు లేనేలేదని మేము వాదించబోవడం లేదు. తరగతులే లేని విశ్వవిద్యాలయంలో సంవత్సరాల తరబడి పేరు నిలుపుకోవడం, చదువు పేరుతో ఉద్యోగం చేయడం చట్టానికి విరుద్ధమే. కాని ఎవరి తప్పు ఎంత అన్నది ఒక్కొక్కరిని విడివిడిగా విని తేల్చవలసిన విషయం. ఆ సంస్థ నిజమైనదా అని ఆరా తీసినవారికి ప్రభుత్వ జాబితాలోనే దాని పేరు కనిపించినది. రుసుము తీసుకొని చదువు చెప్పలేదు గనుక ఒప్పందభంగం జరిగినదని ఒక విద్యార్థి ప్రభుత్వంపై దావా వేశాడు. క్రింది కోర్టు 2022లో దానిని త్రోసిపుచ్చినది. కాని 2024 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దుచేసి, దావా ముందుకు సాగవచ్చునని చెప్పినది. దేశం నుండి వెళ్లిపోవలసి వచ్చినవారికి సైతం కోర్టు తలుపు మూసుకోలేదన్నది ఇందులో గ్రహించదగిన విషయం.

పౌరస్వేచ్ఛా సంఘాలు చేసే పని

అమెరికాలో ఇట్టి కేసులలో తరచుగా వినిపించే పేరు అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్. దాని పుట్టుకే వలసదారుల కష్టంతో ముడివడి ఉన్నది. 1919–20లో అటార్నీ జనరల్ పామర్ ఆదేశాలతో వేలాదిమంది వలసదారులను, పెక్కు సందర్భాలలో వారంట్లు లేకుండానే, నిర్బంధించారు. కార్మికశాఖలో సహాయకార్యదర్శిగా ఉన్న లూయీ పోస్ట్ ఒక్కొక్క ఫైలు తెప్పించి చదివి, సాక్ష్యం లేని వేయికి పైగా బహిష్కరణ వారంట్లను రద్దుచేశాడు. ఆయనను పదవినుండి తొలగించాలని కొందరు శాసనసభ్యులు ప్రయత్నించి విఫలులయ్యారు. ఆ వాతావరణంలో, 1920లో, ఆ సంఘం ఏర్పడినది.

మన దేశంలో ఇట్టి ఆలోచనకు హైదరాబాదు బంధుత్వం ఉన్నది. 1936లో జవాహర్‌లాల్ నెహ్రూ చొరవతో భారత పౌరస్వేచ్ఛా సంఘం ఏర్పడినప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ అధ్యక్షులు కాగా, కార్యనిర్వాహక అధ్యక్షురాలు మన నగరపు ఆడపడుచు సరోజినీనాయుడు.

ఈ సంఘాల పని ఏమిటి? ఉపన్యాసాలకంటె ఎక్కువగా అవి చేసేది కాగితాల పని. నిర్బంధితుడు ఎక్కడ ఉన్నాడో కనుక్కోవడం, వకీలును సమకూర్చడం, హెబియస్ కార్పస్ దరఖాస్తు వేయడం, హక్కులను సులభమైన భాషలో అచ్చువేసి పంచడం. అమెరికాలో ఇది మరీ అవసరం. అక్కడ దొంగతనం కేసులో ముద్దాయికి స్తోమత లేకపోతే ప్రభుత్వమే వకీలును ఇస్తుంది. బహిష్కరణ విచారణ సివిల్ వ్యవహారమన్న కారణంచేత వలసదారుకు సాధారణంగా ఆ సౌకర్యం లేదు. వకీలును పెట్టుకొనే హక్కు ఉన్నది గాని ఖర్చు తానే భరించుకోవాలి. అప్పుచేసి వెళ్లిన ఇరవైరెండేండ్ల పిల్లవాడు ప్రభుత్వ న్యాయవాది ఎదుట ఒంటరిగా నిలబడవలసి వస్తుంది.

ఇటీవలి అనుభవం ఈ పని విలువను చక్కగా తెలియజేస్తుంది. 2025 వసంతకాలంలో అమెరికా ప్రభుత్వం వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను, ముందుగా తెలియజేయకుండానే, రద్దుచేసినది. సెవిస్ అనగా విదేశీ విద్యార్థుల ప్రవేశం, హాజరు మొదలైన వివరాలుండే ప్రభుత్వ కంప్యూటరు పట్టిక. అందులో పేరు రద్దయితే చదువుకొనే హోదా ప్రశ్నార్థకమవుతుంది. వాహనం వేగంగా నడిపినందుకు పడిన జరిమానా, ఎన్నడో కొట్టివేయబడిన చిన్న కేసు వంటివి కొందరి విషయంలో కారణాలని తేలినది. బాధితులలో భారతీయ విద్యార్థులు పెద్దసంఖ్యలో ఉన్నారు. విద్యార్థులు, వారి పక్షాన పౌరస్వేచ్ఛా సంఘాలు వివిధ రాష్ట్రాలలో దావాలు వేశారు. నోటీసు ఇవ్వకుండా, సంజాయిషీ అడగకుండా హోదా తీసివేయడం చెల్లదన్న వాదంతో పెక్కు కోర్టులు తాత్కాలిక ఉత్తర్వులిచ్చినవి. ఏప్రిల్ 25న ప్రభుత్వ న్యాయవాదులు ఆ రికార్డులను పునరుద్ధరిస్తున్నట్లు కోర్టులకు తెలిపారు. అదే నెల 7వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు మరొక కేసులో, శత్రుదేశీయుల చట్టం క్రింద పంపివేయదలచిన వారికి కూడా ముందుగా నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లే వ్యవధి ఇవ్వాలని చెప్పినది.

అన్ని సందర్భాలలోనూ ఇట్టి ఫలితం రాలేదు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను అమెరికా సైనిక విమానంలో అమృతసర్‌కు తెచ్చి దింపినప్పుడు ప్రయాణమంతా వారి చేతులకు, కాళ్లకు సంకెళ్లున్నవి. అది 2012 నుండి అక్కడ అమలులో ఉన్న పద్ధతేనని మన పార్లమెంటుకు తెలియజేయబడినది. పంపే అధికారం ఆ దేశానిదే కావచ్చు. కాని సంకెల లేకుండా పంపవచ్చునా అన్న ప్రశ్న పద్ధతికి సంబంధించినది. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకున్నది.

ఎడారి దేశాలలో మనవారు

అమెరికా వెళ్లేవారికి ఇంగ్లీషు వస్తుంది, వకీలు దొరుకుతాడు, పత్రికలు వ్రాస్తాయి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి, మన పాతబస్తీ నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కూలీల స్థితి వేరు. మన విద్యార్థులలో పెక్కుమంది ఇండ్లలో ఒకరైనా అక్కడ ఉన్నారు. ఆ దేశాలలో కఫాలా అనే పద్ధతి చిరకాలంగా ఉన్నది. కార్మికుని నివాస అనుమతి కఫీల్, అనగా యజమాని, పూచీపై ఆధారపడి ఉంటుంది. పని విడిచిపోయాడని యజమాని ఫిర్యాదు చేస్తే సౌదీ అరేబియాలో దానిని హురూబ్ అంటారు. జీతం ఇవ్వలేదని పని మానిన వానిపై కూడా ఆ ముద్ర పడవచ్చు. అప్పుడు బాధితుడే నేరస్థుడవుతాడు.

2013లో సౌదీ ప్రభుత్వం నితాఖత్ అమలుచేసి, పత్రాలు సరిచేసుకోవడానికో శిక్ష లేకుండా వెళ్లిపోవడానికో గడువు ఇచ్చినప్పుడు లక్షకు పైగా భారతీయులు తిరిగివచ్చారు. కువైట్ 2018లో అట్టి క్షమాభిక్షే ప్రకటించినది. క్షమాభిక్ష మంచిదే. కాని ఇవ్వవలసిన జీతం ఇప్పించకుండా పంపివేస్తే అది సగం న్యాయమే అవుతుంది. ఖతర్ 2018లో అధిక సంఖ్యాక కార్మికులకు దేశం విడిచే అనుమతిపత్రం అవసరాన్ని, 2020లో ఉద్యోగం మారడానికి యజమాని అంగీకారం కావాలన్న నిబంధనను తొలగించినది. కార్మిక సంస్థలు, మానవహక్కుల సంఘాలు ఏళ్ల తరబడి అడిగినందువలననే ఈ మార్పు వచ్చినది.

మన గడపలో పరదేశి

ఇంతవరకు చెప్పినది మనవారికి జరిగినది. ఇప్పుడు తక్కెడలో రెండవ సిబ్బి కూడా చూడాలి.

మన నగరానికి కూడా పరదేశులు వస్తున్నారు. టోలిచౌకి ప్రాంతంలో యెమెన్, సూడాన్, సోమాలియా నుండి వచ్చిన విద్యార్థులు అద్దె ఇండ్లలో ఉంటున్నారు. బాలాపూర్ పరిసరాలలో బర్మా నుండి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన రోహింగ్యాలు కొన్ని వేలమంది గుడిసెలలో జీవిస్తున్నారు. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం వారికి దేశమే లేకుండా చేసినది. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. కావున శరణార్థి అన్న హోదాకు మన చట్టంలో ప్రత్యేకస్థానం లేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు ఉన్నా చట్టం దృష్టిలో అతడు విదేశీయుడే.

అట్టివారి విషయంలో మన సుప్రీంకోర్టు ఏమి చెప్పినది? అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాలను బలవంతంగా వెళ్లగొట్టే ప్రయత్నం జరిగినప్పుడు జాతీయ మానవహక్కుల కమిషన్ కోర్టుకెక్కినది. 1996 తీర్పులో, 21వ అధికరణం ప్రకారం ప్రతి మనిషి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ కాపాడే బాధ్యత రాజ్యానిదేనని కోర్టు స్పష్టం చేసినది. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో అంత ఉదారంగా చెప్పలేదు. 14, 21 అధికరణాలు అందరికీ వర్తిస్తాయని అంటూనే, పంపివేయబడకుండా ఉండే హక్కు పౌరులకు మాత్రమే ఉన్నదనీ, అయితే నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపరాదనీ తెలిపినది. పద్ధతి అన్న మాట ఇక్కడ కూడా నిలిచినది.

పద్ధతి లేకపోతే నష్టపడేది పరదేశి ఒక్కడేనా? కాదు. అసలు ఎవడు పరదేశి అన్నది తేల్చేదే పద్ధతి. 2020 ఫిబ్రవరిలో మన హైదరాబాదులోనే ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులిచ్చినది. పౌరసత్వం రుజువు చేసుకోవాలన్న అర్థం వచ్చే ఆ నోటీసులు చూచి ఎంతో ఆందోళన కలిగినది. ఆధార్‌కు పౌరసత్వంతో సంబంధం లేదని ఆ సంస్థే తరువాత వివరణ ఇచ్చినది. 2025లో బంగ్లాదేశీయులన్న అనుమానంపై సరిహద్దు దాటించిన వారిలో కొందరు పశ్చిమబెంగాల్ వాసులని తేలి వెనుకకు తీసుకురావలసి వచ్చినది. నిరుపేద కూలీ, భాష వేరైనవాడు, కాగితాలు వరదలో పోయినవాడు, ఇట్టివారికి విచారణ ఒక్కటే రక్ష.

తాను విదేశీయుడు కానని రుజువు చేసుకోవలసిన భారం ఆ వ్యక్తిపైనే ఉంటుందని 1946 విదేశీయుల చట్టం చెప్పినది. 2025 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టంలోనూ ఆ నియమం కొనసాగినది. అయితే 2024 జూలైలో అస్సాంకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, చేతికి దొరికిన వానినల్లా పట్టుకొని "నీవు విదేశీయుడవు కావని నిరూపించు" అనే అధికారం ఎవరికీ లేదనీ, ముందుగా అనుమానానికి తగిన ఆధారం చూపాలనీ చెప్పినది. ఆ కేసులోని మనిషి భారతీయుడేనని కోర్టు ప్రకటించేనాటికి ఆయన మరణించి ఉన్నాడు. ఆలస్యమైన పద్ధతి ఎంత ఖరీదైనదో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

విద్యార్థులకు కొన్ని మాటలు

పరదేశం వెళ్లదలచిన మన విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవాలని మనవి.

ప్రవేశం ఇప్పించే దళారి మాట కాక, విశ్వవిద్యాలయంలో చదువుతున్న వారి మాట వినండి. ప్రభుత్వ జాబితాలో పేరుండటమే చాలదని ఫార్మింగ్టన్ నేర్పినది. తరగతులు ఎక్కడ జరుగుతాయి, ఎవరు చెబుతారు అని అడగండి. "హాజరు అవసరం లేదు, మొదటిరోజు నుండే ఉద్యోగం" అన్న మాట వినబడితే అక్కడితో వెనుదిరగండి.

పాస్‌పోర్టు, వీసా, ఐ-20 వంటి పత్రాల నకళ్లు ఇంటివద్ద ఒక ప్రతి ఉంచండి. నిర్బంధం జరిగితే మౌనంగా ఉండే హక్కు, వకీలును కోరే హక్కు అమెరికాలో వలసదారుకు కూడా ఉన్నవి. అబద్ధం మాత్రం చెప్పరాదు. అర్థం కాని కాగితంపై సంతకం చేయరాదు.

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, నిర్బంధితుడైన విదేశీయునికి తన దేశపు కాన్సులేటుతో మాట్లాడే హక్కు ఉన్నదని అధికారులు వెంటనే తెలియజేయాలి. కులభూషణ్ జాధవ్ కేసులో 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్ ఈ నియమాన్ని ఉల్లంఘించినదని తీర్పు చెప్పినది. ఆ కేసు తెచ్చినది మన దేశమే. విదేశాలలోని భారతీయుల ఫిర్యాదుల కొరకు 2015లో మన విదేశాంగశాఖ ఏర్పరచిన వ్యవస్థకు మదద్ అని పేరు. మన ఇండ్లలో నిత్యం పలికే మాటే గనుక మరచిపోవడం కష్టం.

గల్ఫ్‌కు వెళ్లేవారు 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్లాలి. హైదరాబాదులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉన్నది. విజిట్ వీసాపై పంపి "అక్కడ మార్చుకోవచ్చు" అనేవాడు మిమ్ములను మొదటిరోజే చట్టం వెలుపల నిలబెడుతున్నాడు.

ఇవి మన రక్షణకు. ఇంకొకటి మన బాధ్యతకు సంబంధించినది. టోలిచౌకిలో ప్రక్క ఇంట ఉన్న ఆఫ్రికా విద్యార్థిని పోలీసులు పట్టుకొన్నప్పుడు "ఎవడో పరాయివాడు, మనకెందుకు" అని తలుపు వేసుకొనే ముందు, మిషిగన్‌లో మన పిల్లవాని ప్రక్క ఇంటివారు ఏమి చేసి ఉంటే బాగుండునో ఒక్కక్షణం తలచుకోండి. అతడు నేరం చేసి ఉంటే శిక్ష పడవలసినదే. గడువు మీరి ఉంటే వెళ్లవలసినదే. కాని అతనికి వకీలు కావాలి, తన భాషలో వివరించేవాడు కావాలి, అతని మాట వినే న్యాయాధికారి కావాలి. ట్రైవ్యాలీ పిల్లల కొరకు మనం అడిగినది ఇంతే. అక్కడ అడిగి ఇక్కడ ఇవ్వకపోతే మన అడుగుటకు విలువ ఉండదు.

ఆ రోజు తరగతిలో ప్రశ్న వేసిన అమ్మాయి ఈ వ్యాసం చదువుతుందని ఆశిస్తున్నాము. అమ్మా, మీ అన్నయ్యకు హక్కులున్నవి. అవి నిలవాలంటే అక్కడ ఎవరో ఒక పౌరుడు, తన వాడు కాని అతని కొరకు కోర్టు మెట్లు ఎక్కాలి. ఎక్కుతున్నారు కూడా. మన వంతు వచ్చినప్పుడు మన నగరంలోనూ ఎవరో ఒకరు ఎక్కాలి. న్యాయశాస్త్రం చదవాలని నీవు ఒకసారి అన్నట్లు మాకు జ్ఞాపకం.